పోక్సో తీర్పు చదవడం నేర్చుకుందాం (4వ భాగం): నమ్మకాన్ని వాడుకున్న నేరానికి శిక్ష

పోయిన భాగంలో, తీర్పులో నేరం రుజువైందని చెప్పే పేరా దగ్గర ఆగాం. కోర్టు పని అక్కడితో అయిపోదు. ఎంత శిక్ష వేయాలో తేల్చే ముందు దోషి చెప్పుకునేది కూడా విని తీరాలి. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో ఇది సెక్షన్ 235(2). దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 258(2). చాలా తీర్పుల్లో ఈ భాగం చివర్లో ఒకటి రెండు పేజీలకు మించదు. పేపర్లో వార్త అయ్యేది మాత్రం ఇదే: ‘ట్యూషన్ మాస్టారికి ఇరవై ఏళ్ల జైలు’. ఆ ఇరవై ఎక్కడి నుంచి వచ్చిందో తీర్పు చదివి చెప్పగలగడం ఈసారి నేర్చుకుందాం.

పాఠం కోసం ఒక కేసు అల్లాను. పదమూడేళ్ల బాబు. సాయంత్రాలు ఇంటికి వచ్చి లెక్కలు చెప్పే మాస్టారు. అమ్మానాన్నలు ఉద్యోగాల నుంచి వచ్చేదాకా పిల్లవాడి బాధ్యత కూడా ఆయనదే అన్నట్టు ఉండేది. 2019 జూన్ నుంచి డిసెంబరు దాకా ఆయన ఆ బాబు మీద పలుమార్లు లైంగిక దాడి చేశాడు. బాబు నోరు విప్పింది 2020 జూలైలో. అభియోగం పోక్సో చట్టం సెక్షన్ 5 కింద, అంటే శరీరంలోకి చొచ్చుకుపోయే లైంగిక దాడిలో తీవ్రమైన రకం. దానికి శిక్ష ఎంతో చెప్పేది సెక్షన్ 6. నేరం రుజువైంది. ఇప్పుడు శిక్ష.

ముందుగా చూడాల్సింది, సెక్షన్ 5లో ఏ క్లాజు రుజువైందని జడ్జి రాశారో. ఇది చాలా పొడుగు సెక్షన్. పోలీసు, ప్రభుత్వోద్యోగి, హోంలో పనిచేసేవాళ్లు, ఆసుపత్రి సిబ్బంది అంటూ పిల్లల మీద అధికారం ఉన్నవాళ్లందరినీ వరసగా చెబుతుంది. మన పాఠానికి ముఖ్యమైనవి మూడు. (ఎఫ్) విద్యాసంస్థలు, మత సంస్థల యాజమాన్యం, సిబ్బంది గురించి. (ఎన్) బంధువుల గురించి: రక్త సంబంధం, దత్తత, పెళ్లి ద్వారా వచ్చిన సంబంధం, సంరక్షకులు, తల్లితోనో తండ్రితోనో కలిసి బతుకుతున్నవాళ్లు, ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. (పి) మిగతా రెండింటి కన్నా విశాలం. పిల్లల నమ్మకం పొందిన స్థానంలోనో, వాళ్ల మీద అధికారం ఉన్న స్థానంలోనో ఉండి నేరం చేసినవాళ్లు ఎవరైనా దీని కిందికి వస్తారు. నేరం ఇంట్లో జరిగిందా, సంస్థలో జరిగిందా, ఇంకెక్కడైనా జరిగిందా అన్న తేడా లేదు.

మన మాస్టారు ఏ బడిలోనూ ఉద్యోగి కాడు. (ఎఫ్) వర్తించదని డిఫెన్స్ లాయర్ వాదిస్తారు, ఆ వాదనలో పస ఉంది. బంధువు కాడు కాబట్టి (ఎన్) కూడా రాదు. అతన్ని పట్టేది (పి). పలుమార్లు జరిగింది కనుక (ఎల్) కూడా. మనకు పక్కింటాయన్నీ నాన్న స్నేహితుణ్నీ ‘మావయ్యా’, ‘బాబాయ్’ అని పిలిచే అలవాటు ఉంది కదా. అలా వరస కలిపినంత మాత్రాన చట్టం దృష్టిలో బంధువు అయిపోరు. కానీ బిడ్డను ఆయన దగ్గర వదిలి వెళ్లేవాళ్లమని తల్లి సాక్ష్యం చెబితే, (పి) వర్తిస్తుందని చెప్పడానికి అదే ఆధారం అవుతుంది. అందుకే శిక్ష పేరాలు చదివే ముందు వెనక్కి వెళ్లి తల్లి సాక్ష్యం మళ్లీ చదవండి. ‘మేం లేనప్పుడు వాడు ఎవరి దగ్గర ఉండేవాడు’ అన్న ప్రశ్నకు అక్కడ జవాబు ఉందా లేదా చూడండి.

తర్వాత చూడాల్సినవి తేదీలు. కొత్తగా చదివేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. అప్పట్లో సెక్షన్ 6 కింద కనీస శిక్ష పదేళ్లు, గరిష్ఠం జీవిత ఖైదు. 2019 ఆగస్టు 16 నుంచి కనీసం ఇరవై ఏళ్లు అయింది. గరిష్ఠంగా, బతికినంత కాలం జైలు అనే అర్థంలో జీవిత ఖైదు, లేదా మరణశిక్ష. నేరం జరిగిన రోజున ఉన్న చట్టం ప్రకారం ఎంత శిక్ష వేయొచ్చో అంతకు మించి వేయకూడదని రాజ్యాంగం 20(1) అధికరణం చెబుతుంది. తీర్పు 2023లో వచ్చినా లెక్క మాత్రం నేరం జరిగిన రోజు నుంచే.

మన కేసులో ఆ ఆగస్టు 16 మధ్యలో పడింది. జూన్ నుంచి ఆగస్టు 15 దాకా జరిగినవాటికి కనీసం పదేళ్లు. ఆగస్టు 16 నుంచి ఒక్కసారైనా జరిగిందని రుజువైతే దానికి కనీసం ఇరవై. పదమూడేళ్ల పిల్లవాడికి తేదీలు గుర్తుండవు. గుర్తుండేవి వేరే ఉంటాయి: దసరా సెలవుల తర్వాత, హాఫ్ ఇయర్లీ పరీక్షల ముందు, అమ్మమ్మ ఊరి నుంచి వచ్చిన రోజు. వాంగ్మూలం రాసుకునేటప్పుడు ఓపిగ్గా ఇలాంటి గుర్తులు అడిగి రాసి ఉంటే, తర్వాత జడ్జి వాటిని క్యాలెండరులో పెట్టి చూడగలుగుతారు. ‘కొన్ని నెలల పాటు’ అని రాసి వదిలేస్తే ఆ అనుమానం వల్ల మేలు జరిగేది ముద్దాయికే. పిల్లలతో పనిచేసేవాళ్లు ఈ పాఠంలో ఇంకేది మర్చిపోయినా పర్వాలేదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. (బాధితురాలు ఆడపిల్ల అయితే ఐపీసీలో 2018లో వచ్చిన మార్పునూ, పోక్సో సెక్షన్ 42నూ కలిపి చూడాలి. దానికి విడిగా ఒక భాగం ఉంటుంది.)

కనీస శిక్ష అని చట్టం చెప్పాక జాలిపడి తగ్గించే వీలుందా అని పోయినసారి ఒకరు అడిగారు. లేదు. పన్నెండేళ్లలోపు బాలుడి మీద జరిగిన నేరంలో కింది కోర్టు సెక్షన్ 6 కింద పదేళ్లు వేస్తే, అలహాబాద్ హైకోర్టు దాన్ని సెక్షన్ 4 (సెక్షన్ 5లోని తీవ్ర పరిస్థితులు లేని దాడికి శిక్ష) కిందికి మార్చి ఏడేళ్లకు తగ్గించింది. 2023 జూలైలో సుప్రీంకోర్టు ఆ పదేళ్ల శిక్షను తిరిగి నిలబెట్టింది. ‘ఇంతకు తగ్గకూడదు’ అని చట్టం రాశాక కోర్టుకు ఇంకో దారి లేదని చెప్పింది.

అయితే జడ్జి విచక్షణకు మిగిలింది ఏమిటి? ఇరవైకి పైన ఎంత అన్నదే. ఇక్కడ రెండు వైపుల వాదనలనూ జాగ్రత్తగా చదవాలి. నమ్మకాన్ని వమ్ము చేశాడు కాబట్టి బతికినంత కాలం జైలు వేయమని ప్రాసిక్యూటర్ అడుగుతారు. ఆ నమ్మకాన్ని లెక్కలోకి తీసుకున్నందుకే కదా సెక్షన్ 4 దాటి సెక్షన్ 6కి వచ్చాం? అదే కారణాన్ని రెండోసారి లెక్క వేస్తే అప్పీలులో ఆ శిక్ష నిలబడడం కష్టం. ఇరవై దాటాలంటే ఇంకా ఏదో కనిపించాలి: ఎన్ని నెలలు సాగింది, బెదిరించాడా, ఫొటోలు తీశాడా, బిడ్డ చదువూ నిద్రా ఏమయ్యాయి. మంచి తీర్పులో ఇవన్నీ విడివిడిగా ఉంటాయి. ‘సమాజం సిగ్గుపడే నేరం’ లాంటి మాటలతోనే పేరా నిండిపోయి ఉంటే, శిక్ష ఎంత పెద్దదైనా కారణాలు రాయలేదనే నేను అనుకుంటాను.

ఇక డిఫెన్స్ వైపు. పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతున్నారు, వీధిలో అందరికీ గౌరవం, పాత కేసులు లేవు, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి, ఫిర్యాదు ఏడు నెలలు ఆలస్యం. ఒక్కొక్కటే తీసుకుందాం. ముసలి తల్లి, పిల్లలు అన్నది నిజమైన బాధే. జడ్జి దాన్ని విని రాయాలి. పాత కేసులు లేకపోవడం కూడా లెక్కలోకి వస్తుంది, కొంతవరకు. కానీ మంచి పేరు? ఆ పేరు చూసే కదా అమ్మానాన్నలు ఇంటి తాళం ఇచ్చారు! ఏ పేరు వల్ల బిడ్డ దగ్గరికి చేరగలిగాడో ఆ పేరుకే శిక్షలో తగ్గింపు ఇవ్వమనడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఇంగ్లండ్, వేల్స్ కోర్టులు పాటించే శిక్షల మార్గదర్శకాల్లో ఈ మాట సూటిగానే ఉంది. మంచి నడవడిని నేరానికి వాడుకుంటే మామూలుగా తగ్గింపు ఇవ్వకూడదు, పైగా అది నేర తీవ్రతను పెంచే అంశం కూడా కావచ్చు. మన దగ్గర అలాంటి రాతపూర్వక మార్గదర్శకాలు లేవు, కాబట్టి జడ్జి ఏం రాశారో మనమే వెతుక్కోవాలి.

ఆలస్యం సంగతీ అంతే. బయటివాడు చేస్తే బిడ్డ ఏడుస్తూ ఇంటికి పరిగెత్తుకొస్తుంది. చేసినవాడు ఇంట్లో కూర్చుని కాఫీ తాగే మనిషైతే ఎవరికి చెప్పాలి? నమ్మకం ఉన్న సంబంధం పిల్లల నోరు కట్టేస్తుందని కెనడా సుప్రీంకోర్టు 2020లో ఒక తీర్పులో విడమరిచి చెప్పింది. మన దేశంలోనూ నేరాల లెక్కలు ప్రకటించే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో ఏటా ఇలాంటి కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బిడ్డకు తెలిసినవాళ్లే. అలాంటప్పుడు ఆలస్యాన్ని అనుమానంగా కాక నేరం స్వభావంలో భాగంగా చదవాలి.

రాజీ అయిపోయాం అనే మాట కూడా తరచుగా వస్తుంది. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీద కేసును, బాధితురాలి తండ్రి రాజీపడ్డారని 2022లో హైకోర్టు కొట్టేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి కేసును తిరిగి నడపమంది. బడిలో ఇలాంటిది జరిగితే దాన్ని ఇద్దరి మధ్య సొంత గొడవగా చూడలేమని చెప్పింది.

చివరి పేరాలో డబ్బు గురించి ఉంటుంది. చాలామంది అక్కడిదాకా చదవరు. 2019 సవరణ తర్వాత సెక్షన్ 6 కింద వేసే జరిమానా న్యాయంగా, తగినంతగా ఉండాలి, బిడ్డ వైద్యానికీ పునరావాసానికీ చేరాలి. పరిహారం దీనికి వేరు. 2020 పోక్సో నిబంధనల్లో 9వ నిబంధన ప్రకారం ఎఫ్‌ఐఆర్ నమోదయ్యాక ఎప్పుడైనా మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు, ఉత్తర్వు అందిన 30 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం చెల్లించాలి. ఇంటికి సంపాదించి పెట్టేవాడే నేరం చేసిన ఇళ్లలో ఈ డబ్బు చాలా పెద్ద సంగతి. పూట గడవక తల్లి సాక్ష్యం మార్చుకునే పరిస్థితి రాకుండా కొంతైనా కాపాడుతుంది.

ఈసారి హోంవర్క్. అదే కేసులో చిన్న మార్పు చేయండి. మాస్టారు ఆగస్టు 10న ఊరు వదిలి వెళ్లిపోయాడు, తిరిగి రాలేదు. బాబు మాత్రం ‘దసరా తర్వాత కూడా జరిగింది’ అంటున్నాడు. ఏ కనీస శిక్ష వర్తిస్తుంది? పిల్లవాడి మాట మీద నమ్మకం పోకుండానే జడ్జి ఈ తేడాను ఎలా రాయొచ్చు? పది వాక్యాల్లో రాసి ఉంచుకోండి, అయిదో భాగం దీంతోనే మొదలవుతుంది.