పెరటి షెడ్డుకు సిటీ నోటీసు వస్తే: సమస్య - పరిష్కారం

అమెరికాలో పెరట్లో షెడ్డు వేసుకున్నవారికి సిటీ నుంచి నోటీసు వచ్చినప్పుడు మొదట వినిపించే మాట, "చిన్న షెడ్డుకు పర్మిట్ అక్కర్లేదన్నారే" అని. ఆ మాట నిజమే అయినా, నోటీసుకు అది జవాబు కాదు. నోటీసు అందగానే అందరూ గడువు తేదీనీ, జరిమానా మొత్తాన్నీ చదువుతారు గానీ, ఏ సెక్షన్ కింద ఇచ్చారో చదవరు. ఆ సెక్షన్ నంబరును సిటీ కోడ్‌లో వెతికి చూస్తే, అభ్యంతరం బిల్డింగ్ కోడ్ (కట్టడం ఎలా కట్టాలో చెప్పే నిబంధనలు) ప్రకారమా, జోనింగ్ (ఏ ప్రాంతంలో, స్థలంలో ఎక్కడ ఏది కట్టవచ్చో చెప్పే నిబంధనలు) ప్రకారమా అన్నది తేలిపోతుంది. ఇవి రెండు వేర్వేరు నిబంధనావళులు. ఒకదానిలోని మినహాయింపు రెండోదానికి వర్తించదు. ఈ పని చేయకుండా షెడ్డు అమ్మినవాడితో వాదనకు దిగితే గడువు కరిగిపోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

లక్షణం: పర్మిట్ అవసరం లేని సైజులోనే వేసినా నోటీసు వచ్చింది

చాలా రాష్ట్రాలు, నగరాలు తమ తమ మార్పులతో అమలు చేసే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అనే నమూనా బిల్డింగ్ కోడ్ ఇటీవలి ప్రతుల ప్రకారం, ఇంటికి ఆనుకోకుండా విడిగా ఉండి, ఒకే అంతస్తుతో, 200 చదరపు అడుగులు మించని సామాన్ల షెడ్డుకు బిల్డింగ్ పర్మిట్ అక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఆ పరిమితి 120 చదరపు అడుగులు. అంటే 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న షెడ్డు ఒకచోట మినహాయింపు అంచున ఉంటే, మరోచోట దాన్ని బాగా దాటిపోతుంది. అయితే అదే కోడ్‌లో, ఈ మినహాయింపును ఇతర చట్టాలను అతిక్రమించడానికి ఇచ్చిన అనుమతిగా భావించరాదని స్పష్టంగా రాసి ఉంది. సరిహద్దు నుంచి వదలవలసిన దూరం (సెట్‌బ్యాక్), ఎత్తు, స్థలంలో ఎంత భాగం కప్పవచ్చు, షెడ్డు ఇంటికి ముందువైపు ఉండవచ్చా అన్నవన్నీ జోనింగ్ చూసుకుంటుంది. షెడ్డులోకి కరెంటు లాగితే దానికి ఎలక్ట్రికల్ పర్మిట్ వేరుగా తీసుకోవాలి.

సిటీ జోనింగ్ మ్యాపులో మీ స్థలం ఏ జోన్‌లో ఉందో చూసి, కోడ్‌లో అనుబంధ కట్టడాల (ఇంటికి తోడుగా ఉండే షెడ్డు వంటివాటి) అధ్యాయం తెరిచి, ఆ జోన్‌కు వర్తించే అంకెలతో మీ కొలతలను పోల్చడమే దీనికి పరిష్కారం. పునాది లేదు, దుంగల మీద నిలబెట్టాం కాబట్టి అది కట్టడమే కాదన్న వాదన పెట్టుకోకండి. నేల మీద ఒకచోట నిలిపి ఉంచినదాన్ని కూడా చాలా జోనింగ్ కోడ్‌లు కట్టడంగానే నిర్వచిస్తాయి.

లక్షణం: కంచె నుంచి తగినంత దూరం వదిలినా సెట్‌బ్యాక్ చాలలేదన్నారు

సెట్‌బ్యాక్‌ను స్థలం సరిహద్దు నుంచి కొలుస్తారు, కంచె నుంచి కాదు. పాత యజమాని వేసిన కంచె సరిహద్దుకు అటో ఇటో ఉండటం సర్వసాధారణం. కౌంటీ వెబ్‌సైటులోని మ్యాపులో కనిపించే గీతలు పన్ను లెక్కలకు ఉద్దేశించిన ఉజ్జాయింపు గీతలు మాత్రమే. ఇల్లు కొన్నప్పటి సర్వే కాగితం తీసి, మూలల్లో సర్వేయరు పాతిన ఇనుప కడ్డీలను వెతకండి. అవి తరచుగా గడ్డి కింద కొన్ని అంగుళాల లోతున ఉంటాయి, మెటల్ డిటెక్టరుతో దొరుకుతాయి. దొరకకపోతే లైసెన్సున్న సర్వేయరును పిలవక తప్పదు. మూలస్థలమైతే రెండు వీధుల వైపూ ముందు భాగంగానే లెక్కించే నగరాలు ఎన్నో ఉన్నాయి. కొలత గోడ దగ్గర ఆగుతుందా, చూరు అంచు దాకా వస్తుందా అన్నదీ కోడ్‌ను బట్టి మారుతుంది.

తేడా అంగుళాల్లోనే ఉన్నా వేరియన్స్, అంటే జోనింగ్ నిబంధన నుంచి సిటీ ఇచ్చే ప్రత్యేక సడలింపు, దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. వేరియన్స్ ఇవ్వాలంటే ఇబ్బంది ఆ స్థలం ఆకారం వల్లనో, వాలు వల్లనో రావాలి. షెడ్డును జరపడానికి ఖర్చవుతుందన్నది, మీరు వేసుకున్నాక పుట్టిన ఇబ్బంది కిందకే వస్తుంది.

లక్షణం: సెట్‌బ్యాక్, ఎత్తు, సైజు అన్నీ సరిపోయినా షెడ్డు తీసేయమన్నారు

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టిన కారణం ఇదే. దీని పేరు ఈజ్‌మెంట్. స్థలం మీదే అయినా, అందులో ఒక పట్టీని విద్యుత్తు, నీళ్లు, మురుగు, కేబుల్ లైన్ల కోసమో, వాననీరు పోవడానికో వాడుకునే హక్కు ఇంకొకరికి రాసి ఇచ్చి ఉంటుంది. ఉదాహరణకు జోనింగ్ పట్టికలో వెనుక సెట్‌బ్యాక్ 5 అడుగులని ఉంటుంది. మీరు జాగ్రత్తగా 6 అడుగులు వదులుతారు. కానీ అక్కడ 10 అడుగుల ఈజ్‌మెంట్ ఉంటే, షెడ్డులో 4 అడుగులు దాని మీదకు వచ్చినట్టే. ఈ సంగతి జోనింగ్ పట్టికలో ఎంత వెతికినా కనబడదు, ఎందుకంటే పట్టిక జోన్ మొత్తానికి రాసినది, ఈజ్‌మెంట్ మాత్రం మీ ఒక్క స్థలానికి చెందిన దస్తావేజు. పైగా చిన్న షెడ్డుకు పర్మిట్ అక్కర్లేదు కాబట్టి, మీ నమూనాను చూసి వద్దని చెప్పే అధికారి కూడా మధ్యలో ఎవరూ ఉండరు. పర్మిట్ లేకపోవడం సౌకర్యమని అందరూ అనుకుంటారు గానీ, ఈ విషయంలో అదే కొంప ముంచుతుంది.

కాబట్టి కౌంటీలో రికార్డయిన ప్లాట్ మ్యాపు (మీ కాలనీలోని స్థలాల హద్దులు చూపే పటం) ప్రతిని తెప్పించుకోండి. అందులో సరిహద్దుకు సమాంతరంగా సాగే చుక్కల గీత కోసం చూడండి. దాని పక్కన 10 అంకె, అడుగుల గుర్తు, ఆపై యు.ఇ., పి.యు.ఇ., డి.ఇ. వంటి పొడి అక్షరాలు ఉంటాయి. మొదటి రెండూ యుటిలిటీ లైన్లకు, మూడోది సాధారణంగా డ్రైనేజీకి సంబంధించినవి. బి.ఎల్. అని ఉంటే అది కట్టడం దాటకూడని గీత. గీత లేదని అక్కడితో ఆగిపోవద్దు. కొన్ని మ్యాపుల్లో గీతలు గీయకుండా, ప్రతి స్థలం వెనుక ఇన్ని అడుగులు ఈజ్‌మెంట్‌గా వదలడమైనదని కింద సన్నని అక్షరాల్లో ఒక వాక్యం రాసి వదిలేస్తారు. మ్యాపు నమోదైన తరువాత విడి దస్తావేజుగా రాసిన ఈజ్‌మెంట్ అసలు మ్యాపులోనే ఉండదు. దాని కోసం ఇల్లు కొన్నప్పుడు టైటిల్ కంపెనీ (యాజమాన్య హక్కుకు బీమా ఇచ్చే సంస్థ) ఇచ్చిన కాగితాల్లో షెడ్యూల్ బి అనే భాగాన్ని చదవాలి, ఆ బీమా వర్తించని ఇతరుల హక్కుల జాబితా అక్కడే ఉంటుంది. పెరటి మూలలో ఆకుపచ్చ ట్రాన్స్‌ఫార్మరు పెట్టె గానీ, గడ్డిలో మ్యాన్‌హోలు మూత గానీ కనిపిస్తే కాగితాలు తెరవకముందే అనుమానం రావాలి.

811కు (తవ్వేముందు భూగర్భ లైన్లను గుర్తించే ఉచిత సేవ నంబరుకు) ఫోన్ చేశాం, రంగు గీతలు గీసి వెళ్లారు, షెడ్డు కింద లైనేమీ లేదు అని కొందరు వాదిస్తారు. తవ్వేముందు ఆ ఫోన్ తప్పకుండా చేయవలసిందే. అయితే ఆ గీతలు లైను ఎక్కడుందో చూపిస్తాయి, హక్కు ఎంత వెడల్పున ఉందో చూపించవు. ఈరోజు లైను లేని ఈజ్‌మెంట్‌లో రేపు లైను వేసుకునే అధికారం ఆ హక్కుదారుకు ఉంటుంది.

ఇక పరిష్కారం. వేరియన్స్ బోర్డు సిటీ పెట్టిన సెట్‌బ్యాక్‌ను సడలించగలదు గానీ, ఇతరుల పేర ఉన్న ఆస్తి హక్కును రద్దు చేయలేదు. అందువల్ల అక్కడ దరఖాస్తు పెట్టి రుసుము పోగొట్టుకోకుండా, ఈజ్‌మెంట్ ఎవరి పేర ఉందో వారినే అడగాలి. ఒకే పట్టీని విద్యుత్తు, గ్యాస్, కేబుల్ సంస్థలు పంచుకుంటుంటే అందరి సమ్మతీ కావాలి. వారు ఒప్పుకుంటే ఎన్‌క్రోచ్‌మెంట్ అగ్రిమెంట్ (ఆ పట్టీ మీదకు వచ్చిన కట్టడాన్ని ఉండనిచ్చే ఒప్పందం) రాసి కౌంటీలో నమోదు చేయిస్తారు. అయితే అవసరమైనప్పుడు మీ ఖర్చుతో మీరే తీసేయాలన్న షరతు అందులో సాధారణంగా ఉంటుంది. డ్రైనేజీ పట్టీ మీద ఆ సమ్మతి కూడా అరుదు, నీటి దారికి అడ్డుపడితే పక్కింటి పెరట్లో నీళ్లు నిలుస్తాయి. దుంగల మీద నిలిపిన షెడ్డయితే ఖాళీ చేసి జరిపించుకోవడమే నా సలహా. కాంక్రీటు పలక పోసినవారికే అసలు నష్టం.

లక్షణం: పక్కనే కొన్న ఖాళీ స్థలంలో వేస్తే కుదరదన్నారు

అనుబంధ కట్టడానికి అదే స్థలంలో ప్రధాన కట్టడం ఉండాలి. రెండు స్థలాలూ మీవే అయినా రికార్డుల్లో విడివిడిగా ఉన్నంతకాలం ఖాళీ స్థలంలో షెడ్డు ఒక్కటే నిలబడటం చాలా నగరాల్లో కుదరదు. రెండింటినీ ఒకే స్థలంగా కలిపించుకుంటే సరిపోతుంది.

మిగిలినవి

కాంక్రీటు, పేవర్లు, షెడ్డు కలిసి స్థలంలో కప్పదగ్గ శాతాన్ని దాటడం అప్పుడప్పుడూ చూస్తాం, కొంత పేవింగ్ తీసేస్తే సర్దుకుంటుంది. సిటీ ఒప్పుకున్నా హెచ్.ఓ.ఏ. (కాలనీ ఇంటి యజమానుల సంఘం) ఒప్పుకోకపోవచ్చు, అది వేరే ఒప్పందం. హ్యూస్టన్‌లో జోనింగే లేదు గదా అనేవారు అక్కడి డీడ్ షరతులు (స్థలం దస్తావేజుతో వచ్చే కట్టుబాట్లు) చదువుకోవాలి. వరద ముంపు ప్రాంతంలోనూ, చారిత్రక ప్రాంతంలోనూ వేరే అనుమతులు ఉంటాయి. షెడ్డులో మనుషులను ఉంచితే అది ఇక షెడ్డు కాదు, నివాసం కిందకు వస్తుంది.

కారణం ఏదైనా సర్వేకో, సమ్మతికో వారాలు పడుతుంది. నోటీసులోని గడువు ముగియకముందే పొడిగింపు కోరుతూ, నోటీసు నంబరు వేసి, సర్వేయరుకు పని అప్పగించిన కాగితం జతచేసి ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా పంపండి.