గేమ్‌లో స్క్రీన్ చీలిక: నా దగ్గర పనిచేసింది ఇది

కెమెరా పక్కకు గబగబా తిప్పితే స్తంభాలు, తలుపు అంచులు అడ్డంగా తెగి, పై ముక్క ఒకచోట కింది ముక్క ఒకచోట కనిపించేవి. నాది 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) ఫ్రీసింక్ మానిటర్, అంటే గేమ్ ఫ్రేమ్‌ల వేగానికి తన వేగాన్ని సర్దుకునేది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు. డ్రైవర్ తీసి మళ్లీ వేయడం, కేబుల్ మార్చడం, గ్రాఫిక్స్ తగ్గించడం, అన్నీ దండగే. గేమ్‌లోని వీ-సింక్ (మానిటర్ సిద్ధమయ్యేదాకా ఫ్రేమ్‌ను ఆపి ఉంచే సెట్టింగ్) చీలికను ఆపింది గానీ మౌస్ కదలిక ఆలస్యమై బరువెక్కిపోయింది.

ముందు మానిటర్ సొంత మెనూలో ఫ్రీసింక్ ఆన్ చేయాలి. ఇది చేయకపోతే డ్రైవర్‌లో జీ-సింక్ (ఫ్రీసింక్ లాంటిదే, ఎన్విడియా వాళ్లది) పేజీయే కనిపించకపోవచ్చు. తర్వాత విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 144 ఎంచుకోవాలి, చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది. ఆపైన ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జీ-సింక్ ఆన్, విండోడ్ మోడ్‌కి కూడా.

అసలు కీలకం దీని తర్వాతే. అదే ప్యానెల్‌లో వర్టికల్ సింక్ (అదే వీ-సింక్) ఆన్, మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఫ్రేమ్‌ల పరిమితి) 141, గేమ్‌లో వీ-సింక్ ఆఫ్. ఫ్రేమ్‌లు 144ను తాకితే జీ-సింక్ పక్కకు తప్పుకుని వీ-సింక్ పని అందుకుంటుంది, ఆ ఆలస్యం మళ్లీ మొదలు. అందుకే 3 తక్కువ. ప్యానెల్‌లో కూడా వీ-సింక్ ఆపేస్తే స్క్రీన్ అడుగున సన్నటి చీలిక అప్పుడప్పుడు మిగులుతుంది.

ఫ్రీసింక్ లేని మామూలు 60 హెర్ట్జ్ మానిటర్‌కి ఈ పద్ధతి పనికిరాదు. కొన్ని వీఏ ప్యానెళ్లలో (ఒక రకం ఎల్‌సీడీ తెరల్లో) లోడింగ్ స్క్రీన్ దగ్గర వెలుతురు మిణుకుమనవచ్చు, దానికి ఈ సెట్టింగులు మందు కాదు.