తిరుపతిలో సొంత జాగా లేనివాళ్లు ఇంటికి దరఖాస్తు చేసేదెలా?

ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, కానీ కట్టుకునే జాగా మన పేరున ఉండాలి. చాలామంది పట్టా, ఇంటి మంజూరు ఒకటే అనుకుని ఒక్క అర్జీతో ఆగిపోతారు. రెండూ వేరు. జాగా లేనివాళ్లు ముందు పట్టాకే దరఖాస్తు చేయాలి.

రాష్ట్ర ప్రభుత్వ 'అందరికీ ఇళ్లు' పథకం కింద పట్టణాల్లో 2 సెంట్లు, అంటే దాదాపు 97 గజాలు, పల్లెల్లో 3 సెంట్లు ఇస్తారు. తెల్ల రేషన్ కార్డు ఉండాలి. రాష్ట్రంలో ఎక్కడా సొంత ఇల్లుగానీ స్థలంగానీ ఉండకూడదు. గతంలో ప్రభుత్వ ఇల్లో, స్థలమో పొందినవాళ్లకు మళ్లీ ఇవ్వరు. పట్టా ఇంటి ఆడవాళ్ల పేరునే వస్తుంది కాబట్టి అర్జీ కూడా వాళ్ల పేరునే రాయండి.

అర్జీ మీ వార్డు సచివాలయంలో ఇవ్వాలి. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు జతచేసి, రసీదు తప్పక అడిగి తీసుకోండి. వెళ్లేముందు కాగితాలన్నీ ఒకచోట పరిచి పేర్లు సరిచూడండి. నేను అర్జీలు రాసిపెట్టేటప్పుడు ఎక్కువగా కనబడే తప్పు ఇదే: ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో పుట్టింటి ఇంటిపేరు. అద్దె ఇల్లు మారితే ఆ సంగతి సచివాలయంలో చెప్పండి. విచారణకు వచ్చినవాళ్లకు పాత ఇంటి దగ్గర తాళం కనబడితే మీ అర్జీ పక్కన పడిపోతుంది. అర్హుల జాబితా పెట్టినప్పుడు వెళ్లి చూసుకోండి. పేరు లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రసీదు చూపించి అర్జీ ఇవ్వండి.

పట్టా వచ్చాక ఇల్లు కట్టుకోవడానికి పీఎంఏవై అర్బన్ 2.0 (ప్రధానమంత్రి ఆవాస్ యోజన, పట్టణాల్లో ఇళ్లకు కేంద్రం పెట్టిన పథకం) ఉంది. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లు సొంత జాగాలో కట్టుకుంటే కేంద్రం 1.5 లక్షలు, రాష్ట్రం లక్ష ఇస్తాయి. ఇంట్లో అందరి ఆధార్‌లు, ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా కావాలి. డబ్బు ఒకేసారి రాదు. పని జరిగేకొద్దీ అధికారులు ఫొటోలు తీసుకుని విడతలుగా వేస్తారు, కాబట్టి పునాదికి చేతిలో కొంత ఉంచుకోండి.

రైల్వే స్టేషన్ బయట, బస్టాండు దగ్గర పడుకునే కూలీలకు ఈ రెండు దారులూ అందవు. వాళ్లలో చాలామందికి రేషన్ కార్డే ఉండదు. పీఎంఏవై అర్బన్ 2.0లోనే తక్కువ అద్దె ఇళ్లు కట్టించే విభాగం కూడా ఉంది. తిరుపతిలో అలాంటివి కట్టమని కార్పొరేషన్ కమిషనర్ పేరున మనం కూడా అర్జీలు పెట్టాలి. వాళ్ల తరఫున అడిగే నాథుడు లేడు.