పాత పికప్ ట్రక్కు ముందు భాగాన్ని దించడం – మూడవ పాఠం: స్ప్రింగు విప్పి మార్చడం

బండి ముందు భాగం ఎత్తు తగ్గించే ఈ పని కోసం గత పాఠం చివర ఒక పని అప్పగించాను: చక్రం నడిమధ్య నుంచి ఫెండరు (చక్రం మీది రేకు) అంచు వరకు టేపు పట్టి, రెండు వైపులా కొలిచి రాసిపెట్టుకోమని. ఆ కాగితం దగ్గర ఉంచుకోండి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి ఎంత ఉందన్నది కూడా లెక్కను మారుస్తుంది. అందుకే చక్రం మధ్య నుంచి కొలవమన్నాను.

మనం తీసుకున్న బండి 1973 నుంచి 1987 వరకు అమెరికాలో తయారైన తరం షెవర్లే సి-10. ఇక్కడ టెక్సాస్‌లో ఇప్పటికీ రోడ్ల మీద కనిపిస్తుంది. నా షెడ్డులో ఉన్నది 1978 నాటిది. పేరులో సి అక్షరం ఉంటేనే ఈ పాఠం మీకు పనికొస్తుంది. కె అని ఉంటే అది నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి. దాని ముందు భాగంలో అడ్డంగా ఒకే ఇరుసు, కమాను కట్టలు ఉంటాయి. ఆ కాలపు ఫోర్డ్ ఎఫ్-100 పద్ధతి కూడా వేరు. దానికి ముందు రెండు పొడవాటి దూలాలుంటాయి. వాటిని అలాగే ఉంచి స్ప్రింగు మాత్రం పొట్టిది వేస్తే, రెండు చక్రాలూ పైభాగంలో లోపలికి వాలిపోతాయి.

స్పిండిల్ (చక్రం బిగించే ఇరుసు ముక్క) మార్చి దించడం, స్ప్రింగు మార్చి దించడం, ఈ రెండింటికీ ఉన్న తేడా రెండవ పాఠంలో చూశాం. ఈ రోజు చక్రం దగ్గర 2 అంగుళాలు దించే స్ప్రింగు వేస్తాం. డబ్బాలోంచి తీసిన కొత్త స్ప్రింగును పాతదాని పక్కన పెట్టి చూస్తే, ఎత్తులో అంత తేడా కనిపించక కొందరు కంగారు పడతారు. స్ప్రింగు కూర్చునేది కింది ఆర్మ్‌ (ఛాసిస్‌ నుంచి చక్రం దాకా వెళ్లే ఇనుప చేయి) పొడవులో దాదాపు సగం దూరంలో. కాబట్టి స్ప్రింగు దగ్గర ఒక అంగుళం తగ్గితే చక్రం దగ్గర సుమారు రెండంగుళాలు తగ్గుతుంది. బరువు లెక్క దీనికి తిరగబడుతుంది: చక్రం మోసే బరువుకు దాదాపు రెట్టింపు బలం ఆ స్ప్రింగులో బిగిసి ఉంటుంది.

ఈ ఒక్క సంగతి మనసులో నాటుకోవాలనే ఈ పాఠం ఇంత విడమరచి రాస్తున్నాను. బండిని స్టాండ్ల మీద ఎత్తి, చక్రం గాలిలో వేలాడుతున్నా స్ప్రింగు పూర్తిగా సడలదు. ఆర్మ్ ఇంకా కిందికి దిగకుండా అడ్డు ఉంటుంది కాబట్టి స్ప్రింగు అదిమినట్టే ఉండిపోతుంది. ఆ అడ్డు తొలగించేది మన చేతులే. కాబట్టి ఒంటరిగా ఈ పనికి దిగకండి, పక్కన ఒక మనిషి ఉండాలి.

గట్టి కాంక్రీటు నేల మీద బండి నిలిపి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. చక్రాలు నేల మీద ఉండగానే వాటి నట్లు కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీతో ఎత్తండి. స్టాండ్లు ఛాసిస్ పట్టీల కింద, కింది ఆర్మ్‌కు వెనకగా ఉండాలి. బండిని చేత్తో గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే చక్రాలు తీయండి. షాక్ అబ్జార్బర్, స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీ) ఉంటే దాని బిగింపు, టై రాడ్ (స్టీరింగు చక్రాన్ని తిప్పే కడ్డీ) చివర, ఈ మూడూ విప్పండి. బ్రేకు క్యాలిపర్‌ను (బ్రేకు పళ్లేన్ని పట్టి నొక్కే భాగం) తీసి, తీగతో ఛాసిస్‌కు కట్టి వేలాడదీయండి. మొదటిసారి నేను దాన్ని బ్రేకు గొట్టం మీదే వేలాడనిచ్చాను. పైకి ఏమీ కనిపించలేదు కానీ, నెల తిరగకుండా ఆ రబ్బరు గొట్టం మొదట్లో పగులు వచ్చింది.

ఇప్పుడు అసలు పని. ఒక బలమైన గొలుసును స్ప్రింగు చుట్ల మధ్య నుంచి తీసి ఛాసిస్‌కు చుట్టి, కొంత వదులుగా బిగించండి. జాకీని కింది ఆర్మ్ చివర, బాల్ జాయింట్ (ఆర్మ్‌ను స్పిండిల్‌కు కలిపే గుండ్రటి కీలు) దగ్గరగా పెట్టి, ఆర్మ్ కొద్దిగా లేచే వరకు ఎత్తండి. బాల్ జాయింట్ నట్టు ఊడకుండా పెట్టిన స్ప్లిట్ పిన్ను లాగేసి, నట్టును రెండు మూడు చుట్లు మాత్రమే వదులు చేయండి. పూర్తిగా తీయవద్దు. జాకీని నట్టుకు వదిలిన ఆ సందు మేరకు దించితే, స్ప్రింగే ఆర్మ్‌ను కిందికి నెడుతుంది. ఇక సుత్తితో కొట్టండి, బాల్ జాయింట్ కాడ మీద మాత్రం కొట్టకండి. అది దూరి ఉన్న స్పిండిల్ కన్ను (రంధ్రం) పక్క భాగం మీద, ఒకే చోట, గట్టిగా కొట్టాలి. నాలుగో ఐదో దెబ్బకు ‘టంగ్’మని జాయింటు వదులుతుంది, ఆర్మ్ ఒక్క కుదుపు కుదిపి నట్టు మీద ఆగుతుంది. ఆ నట్టు లేకపోతే ఏమయ్యేదో ఆ కుదుపే చెబుతుంది. రెండు కొమ్ముల ఫోర్కు కొట్టి విడదీసే పద్ధతీ ఉంది. దానితో రబ్బరు టోపీ చిరిగిపోతుంది. పాత బాల్ జాయింట్ మళ్లీ వాడదలిస్తే అది వద్దు.

జాకీని మళ్లీ ఎత్తి ఆర్మ్ బరువు దాని మీదికి తీసుకుని, అప్పుడు నట్టు పూర్తిగా తీయండి. జాకీ పిడిని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ దించండి. ఆర్మ్ నిలువుగా కాక వంపుగా దిగుతుంది. కాబట్టి జాకీ చక్రాలు దానితోపాటు జరగాలి. కంకర మీద ఈ పని వద్దనేది ఇందుకే. మీ తల, చేతులు స్ప్రింగుకు ఎదురుగా ఉండకూడదు. చేత్తో కదిపితే స్ప్రింగు గలగలలాడేంత వదులయ్యాక గొలుసు తీసి, దాన్ని బయటికి లాగండి.

చాలామంది అడుగుతారు, పాత స్ప్రింగునే గ్యాసుతో వేడిచేసి కుంగదీస్తే పోలేదా అని. పోదు. వేడికి ఉక్కు పదును చస్తుంది, రెండు వైపులా ఒకేలా కుంగదు. రాపిడి చక్రంతో ఒక చుట్టు కోయడం అంతకంటే నయమే కానీ, చుట్లు తగ్గిన కొద్దీ స్ప్రింగు బిరుసెక్కుతుంది. నా మాట విని కొత్తదే కొనండి.

పైన రబ్బరు మెత్త ఉంటే దాన్ని పెట్టి, కొత్త స్ప్రింగు కింది కొన సీటులోని గాడిలో సరిగ్గా ఆగేలా తిప్పి కూర్చోబెట్టండి. కొన గాడి తప్పితే ఆ వైపు ఎత్తుగా నిలుస్తుంది, ఎంత అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేసినా కుదరదు. తర్వాత గొలుసు మళ్లీ కట్టి, జాకీతో ఆర్మ్ ఎత్తి, కాడను కంట్లోకి దూర్చి, సర్వీసు పుస్తకంలోని కొలతకు టార్క్ పానాతో (ఎంత బిగువో చూపే పానా) నట్టు బిగించండి. పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించి కలపాలి, వదులు చేసి కలపకూడదు. పిన్ను కొత్తదే వేయండి. షాక్‌లు ఈ ఎత్తుకు తగ్గ పొట్టివి వేసి, విప్పినవన్నీ బిగించి, రెండో వైపు కూడా ఇలాగే చేయండి.

చక్రాలు నేల మీద ఆనాక, ఆర్మ్‌లకు రబ్బరు బుష్‌లు (ఛాసిస్ దగ్గర ఆర్మ్ తిరిగే చోట వేసే తొడుగులు) ఉంటే వాటి నట్లు వదులు చేసి, బండిని ముందుకూ వెనక్కూ కాస్త నెట్టి, అదే ఎత్తులో మళ్లీ బిగించండి. అప్పుడు రబ్బరు మెలిక పడి ఉండదు. ఫెండరు అంచును మళ్లీ కొలవండి. కొత్త స్ప్రింగులు కొన్ని వారాల్లో ఇంకొంచెం కూర్చుంటాయి. అందుకని మొదటి రోజు కొలత పక్కన తేదీ రాయండి. అలైన్‌మెంట్ చేయించే దాకా చక్రాల వాలు, అవి చూసే దిక్కు తప్పే ఉంటాయి కనుక దగ్గరలోని షాపు వరకు మాత్రమే నెమ్మదిగా నడపండి. అక్కడ ఏయే అంకెలు అడిగి రాయించుకోవాలో నాలుగవ పాఠంలో చెబుతాను. అప్పుడు ఈ రెండు కొలతల కాగితం కావాలి.