కోరింగ మడ అడవి అంచున పిట్టలు చూడటం ఎలా?

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో ఇరవై కిలోమీటర్ల లోపే కోరింగ అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన ఎక్కి, నాలుగు సెల్ఫీలు దిగి, "పిట్టలేవీ?" అనుకుంటూ తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. మొదటిసారి నేనూ అంతే. నేను వెళ్లిన టైమే తప్పు.

1. ముందు ఆటుపోట్లు చూసుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఉత్తర దేశాల నుంచి వలస పిట్టలు దిగేది అప్పుడే. ఇక ఏ రోజు, ఏ వేళ అన్నది సముద్రం చెప్పాలి. నీళ్లు రోజుకు రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు తీస్తాయి. ఇవాళ్టి పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కాకినాడ పోటు వేళలు ఫోన్‌లో వెతికితే దొరుకుతాయి. గోడకున్న తెలుగు క్యాలెండరూ పనికొస్తుంది: అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీళ్లు బాగా ఎక్కి బాగా తీస్తాయి. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గుతుంది.

చెక్క వంతెన మీద నడవాలంటే నీళ్లు తీసిన వేళ వెళ్లండి, కింద బురద బయటపడుతుంది. కాకినాడలో కుంభాభిషేకం అనే చోట ఉండే బురద మేటలకు మాత్రం పోటుకు రెండు మూడు గంటల ముందు చేరుకోండి. నీళ్లు పూర్తిగా తీసినప్పుడు పిట్టలు దూరంగా ఆవగింజల్లా కనిపిస్తాయి. పోటు ఎక్కేకొద్దీ మేత దొరికే బురద కుంచించుకుపోయి, గట్టువైపు వాటంతట అవే జరుగుతూ వస్తాయి. మీరు కదలనక్కర్లేదు.

2. ఎండ వీపుకు తగలాలి

పిట్టలకు తెల్లవారుజామే మంచిదని అందరూ అంటారు. తూర్పు తీరంలో సముద్రంవైపు చూసేవాళ్లకు ఆ మాట కుదరదు. పొద్దున సూర్యుడు ఎదురుగా ఉంటాడు, ప్రతి పిట్టా నల్ల బొమ్మే. అదే సాయంత్రం నాలుగైతే వెలుగు వెనకనుంచి పడి కాలి రంగు కూడా తెలుస్తుంది. సాయంత్రం పోటు ఉన్న రోజు దొరికితే వదులుకోకండి.

3. సామాను తక్కువ

8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది) చాలు. ఇంకా పెద్దదైతే చెయ్యి వణికి బొమ్మ కదులుతుంది. మట్టి రంగు చొక్కా, టోపీ, నీళ్ల సీసా, చిన్న నోటుబుక్కు తీసుకెళ్లండి. చెప్పులు వద్దు, కట్టుకునే బూట్లు వేసుకోండి. గట్టిగా కనిపించిందని ఒకసారి బురదలో అడుగేశాను. మోకాలిదాకా దిగింది. కాలు బయటికొచ్చింది గానీ చెప్పు ఈరోజుకీ అక్కడే ఉంది. గట్టు దిగొద్దు.

4. వంతెన మీద ఒకచోట ఆగండి

పది నిమిషాలు కదలకుండా నిలబడి కిందికి చూడండి. మన అలికిడికి కన్నాల్లో దూరిన పీతలు ముందు కళ్లు, తర్వాత కాళ్లు బయటపెడతాయి. మగదానికి ఒక డెక్క ఒంటికి మించినంత ఉంటుంది. దాన్ని ఎత్తి దించుతూ ఆడదాన్ని పిలుస్తుంది, పక్క మగదాన్ని బెదిరిస్తుంది. రెండో చిన్న డెక్కతో బురద నోట్లో పెట్టుకుని, తిండి తీసుకుని, మిగిలింది ఉండలు చేసి పడేస్తుంది. కన్నం చుట్టూ ఆవాల్లాంటి ఉండలు ఉంటే అది దాని పనే. పక్కనే బురద చేప రెక్కల మీద పాకుతూ ఉంటుంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతోనూ గాలి పీల్చుకోగలదు కాబట్టి నీళ్లు తీసినా దానికి టెన్షన్ లేదు.

నేలలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చినవి మడ చెట్ల శ్వాసవేర్లు. కొన్ని రకాల మడ చెట్ల ఆకులు పైన ఉప్పగా ఉంటాయి. వేర్లు పీల్చిన ఉప్పును ఆ చెట్లు ఆకుల్లోంచి బయటికి పంపుతాయి.

బురద మీద అడుగుజాడలూ వెతకండి. ఐదు వేళ్లు అచ్చుపడితే నీటికుక్క కావచ్చు. బావురుపిల్లి ఇక్కడ ఉంది గానీ అది రాత్రి తిరిగే జంతువు, పగలు కనబడితే మీ అదృష్టం.

5. రంగు వదిలి ముక్కు చూడండి

చలికాలంలో బురదలో మేసే ఉల్లంకి పిట్టలు చాలావరకు బూడిద రంగే. పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే ఈలోగా పిట్ట ఎగిరిపోతుంది. ముక్కు, కాళ్లు, తినే తీరు, ఈ మూడూ చూడండి. కర్లూకు ముక్కు కొడవలిలా కిందికి వంగి ఉంటుంది. బురదలో లోతుగా ఉన్న పురుగుల్ని అందుకుంటుంది. ప్లోవర్లకు పొట్టి ముక్కు. నాలుగడుగులు పరుగెత్తుతాయి, ఆగుతాయి, పొడుస్తాయి, మళ్లీ పరుగు. పిచ్చుకంత ఉండే స్టింటు తల దించి కుట్టుమిషన్‌లా ఆపకుండా పొడుస్తుంది. ఎర్ర కాళ్లది రెడ్‌షాంక్, ఒళ్లంతా కాళ్లే అనిపించే నలుపు తెలుపు పిట్ట స్టిల్ట్. ఒకే బురదలో ఒక్కోదానికి ఒక్కో లోతులో భోజనం. మొదటి రోజు ఈ ఐదూ పట్టుకుంటే చాలు.

ఇసుక మేట మీద నారింజ ముక్కుల గుంపు ఒకే దిక్కుకు తిరిగి కూర్చుని ఉంటే బైనాక్యులర్ దించకండి. కింది ముక్కు పైదానికన్నా పొడుగ్గా ఉంటే అవి స్కిమ్మర్లు. నీటి మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ, ఆ కింది ముక్కుతో నీళ్లు చీల్చుకుంటూ వెళ్లి చేపల్ని పడతాయి. ప్రపంచంలోనే తక్కువగా మిగిలిన పక్షులివి.

6. దగ్గరికి వెళ్లొద్దు

తింటున్న పిట్ట తల ఎత్తి మిమ్మల్నే చూస్తుంటే మీరు హద్దు దాటినట్టే. రెండడుగులు వెనక్కి వేయండి. గుంపును లేపితే ఫొటో బాగా వస్తుంది, నిజమే. కానీ తిరుగు ప్రయాణానికి అవి కూడబెట్టుకుంటున్న కొవ్వు అలా ఎగరడానికే ఖర్చవుతుంది. లోపలికి పడవ మీద వెళ్లాలంటే అటవీశాఖవాళ్లనే అడగండి, గేటు వేళలూ ముందే కనుక్కోండి.

7. అక్కడే రాసుకోండి

ఇంటికొచ్చాక రాద్దామంటే అన్నీ కలగలిసిపోతాయి. గుంపులో పది పిట్టల్ని లెక్కపెట్టి, అలాంటి పదులు ఎన్ని ఉన్నాయో చూస్తే సుమారు అంకె వస్తుంది. నా బుక్కులో ఒక పేజీ ఇలా ఉంది: "సాయంత్రం 4:40, నీళ్లు ఎక్కుతున్నాయి. కర్లూలు 7, స్టిల్టులు 30 దాకా. స్టింటులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, గద్ద వచ్చింది, అన్నీ లేచిపోయాయి."