‘ది క్రూసిబుల్’ నాటకంలో అబద్ధపు నిందను పట్టి చదవడం ఎలా

1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో ప్యూరిటన్లు (కఠిన నియమాల ప్రొటెస్టెంట్ క్రైస్తవులు) మంత్రగత్తెలంటూ సాగించిన విచారణల మీద ఆర్థర్ మిల్లర్ రాసిన ‘ది క్రూసిబుల్’ 1953 జనవరిలో న్యూయార్క్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. దీన్ని పాఠంగా చదివే విద్యార్థులు చాలామంది, ఊళ్లోవారిపై మంత్రగత్తెలని నింద వేసే అబిగెయిల్ అనే పిల్ల అబద్ధాలకోరనీ, ఆ నిందలను ఎదిరించే రైతు జాన్ ప్రాక్టర్ సత్యవంతుడనీ రాసి వ్యాసం ముగిస్తారు. అది తప్పు కాదు గాని, ఒక పిల్ల ఆడిన అబద్ధానికి ఊరు ఊరంతా ఎలా బలయిందో దానివల్ల తెలియదు. అది తెలియాలంటే అబద్ధం ఆడినవారికన్నా ముందు, ఆ అబద్ధాన్ని సాక్ష్యంగా స్వీకరించిన న్యాయస్థానాన్ని పరిశీలించాలి.

కాబట్టి నాటకం తెరవకముందే ఆ న్యాయస్థానం పద్ధతిని తెలుసుకోండి. నిందితురాలి రూపం తన దగ్గరికి వచ్చి గిచ్చిందని, గొంతు నులిమిందని ఎవరైనా చెబితే, ఆ సమయానికి ఆమె ఇంట్లో నిద్రపోతున్నా సరే, ఆ మాట సాక్ష్యంగా చెల్లేది. నేరం ఒప్పుకున్నవారిని ఆ ఏడాది ఉరితీయలేదు; కాదన్నవారికి ఉరి పడింది. ఒప్పుకొని, మనసు మార్చుకొని ఆ మాటను వెనక్కి తీసుకున్న శామ్యూల్ వార్డ్‌వెల్‌ను కూడా ఉరితీశారు. అబద్ధం ప్రాణం కాపాడి, నిజం ప్రాణం తీసే ఈ ఏర్పాటు మనసులో నిలిస్తే నాటకంలోని ప్రతి సంభాషణ మరోలా వినిపిస్తుంది.

ఆ తర్వాత ఒక నోటుపుస్తకంలో ప్రతి నింద దగ్గరా మూడు విషయాలు రాసుకుంటూ చదవండి: ఆ పేరును మొదట పలికినది ఎవరు, పలికినవారికి స్వయంగా తెలిసినది ఎంత, పలకడం వల్ల వారికి దక్కినది ఏమిటి. మొదటి అంకంలో బానిస స్త్రీ టిటూబా ఒప్పుకోలుతో మొదలుపెట్టండి. కొరడాతో కొట్టి చంపుతానని యజమాని బెదిరిస్తాడు, ఉరితీయాలని ఊరి భూస్వామి పుట్నమ్ అరుస్తాడు. సైతానుతో సారా గుడ్‌ను చూశావా, ఆస్బర్న్‌ను చూశావా అని అడిగేది కూడా ఆ పుట్నమే. అంటే ఆ పేర్లు ముందు వచ్చింది అడిగినవాడి నోటినుంచే. ఒక్కసారి చదివితే ఇది జారిపోతుంది, అందుకే ఆ పుటలను రెండుసార్లు చదవమంటున్నాను.

ఎక్కువ సమయం మూడో అంకానికి కేటాయించండి. మంత్రవిద్య కంటికి కనిపించని నేరమనీ, దానికి మంత్రగత్తె, బాధితురాలు తప్ప వేరే సాక్షులు ఉండరనీ, మంత్రగత్తె తన నేరం తాను చెప్పదు గనుక బాధితురాలి మాటే నమ్మాలనీ న్యాయమూర్తి డాన్‌ఫోర్త్ వాదిస్తాడు. ఈ వాదాన్ని మీ సొంత మాటల్లో రాసి, నిర్దోషి అయినవారు దీనికి ఏ జవాబు ఇవ్వగలరో వెతకండి. ఏ జవాబూ దొరకదు. ముగ్గురు స్త్రీల మంచితనానికి హామీగా 91 మంది సంతకం చేసి ఇచ్చిన కాగితం సైతం, ఆ సంతకాలు చేసినవారందరినీ విచారణకు పట్టి తెమ్మనే ఆజ్ఞకు దారితీస్తుంది.

ఈ అంకానికి ప్రాణమైన ఘట్టం ప్రాక్టర్ భార్య ఎలిజబెత్ సాక్ష్యం. తన భార్య ఎన్నడూ అబద్ధమాడదని చెప్పి, అబిగెయిల్‌తో తనకున్న సంబంధాన్ని ప్రాక్టర్ నిండు సభలో బయటపెడతాడు. అతడినీ అబిగెయిల్‌నూ వీపు తిప్పి నిలబెట్టి డాన్‌ఫోర్త్ ఎలిజబెత్‌ను పిలిపిస్తాడు. భర్త ముఖం కనబడక, అతడు ఏం చెప్పాడో తెలియక, అతడి పరువు కాపాడాలని, ఆ సంబంధం లేదని ఆమె అబద్ధం ఆడుతుంది. ఇక్కడ ఆమెను తప్పుపట్టే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ప్రేమతో ఆడిన ఆ అబద్ధాన్ని డాన్‌ఫోర్త్ వెంటనే నమ్మాడు. అప్పటివరకు చెప్పిన నిజాల్లో ఒక్కదాన్నీ నమ్మలేదు. మీ వ్యాసంలో ఈ తేడా తప్పక ఉండాలి.

చరిత్రనూ నాటకాన్నీ కలిపి రాయకండి. నిజంలో అబిగెయిల్ విలియమ్స్ పదకొండు పన్నెండేళ్ల పిల్ల, ప్రాక్టర్ అరవై ఏళ్లవాడు. వారి సంబంధం మిల్లర్ కల్పన. నాటకంలో చెప్పినట్టు వృద్ధ రైతు గైల్స్ కోరీ బండరాళ్ల కింద నలిగి చనిపోవడం మాత్రం జరిగినదే. అలాగే, కమ్యూనిస్టు సంబంధాలున్నవారి పేర్లు చెప్పనని అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ఎదుట మిల్లర్ నిరాకరించింది 1956లో, నాటకం వచ్చిన మూడేళ్లకు. అప్పట్లో అమెరికాలో సాగిన కమ్యూనిస్టుల వేట నాటకానికి ప్రేరణ అయినా, తన విచారణ అనుభవాన్నే అందులో రాశాడనడం పొరపాటు. తెలంగాణ పల్లెల్లో చేతబడి, బాణామతి నెపంతో జరిగిన హత్యలతో పోల్చదలిస్తే, ఇక్కడ గుంపు చంపిందనీ, సేలంలో ప్రభుత్వమే విచారణ జరిపి ఉరితీసిందనీ స్పష్టంగా చెప్పి పోల్చండి.

నాలుగో అంకంలో ప్రాక్టర్‌ను విగ్రహంగా నిలబెట్టాలనే తొందర వద్దు. బతకడానికి అతడు నోటితో అబద్ధపు ఒప్పుకోలు చెప్పేస్తాడు, కాగితం మీద సంతకమూ పెడతాడు. ఇతరుల పేర్లు చెప్పడానికి మాత్రం ఒప్పుకోడు. సంతకం చేసిన కాగితాన్ని చర్చి తలుపుకు అంటిస్తారు గనుక దాన్ని వారి చేతికి ఇవ్వక చించేస్తాడు. తన ప్రాణానికి అబద్ధమాడగలిగినవాడు, ఇంకొకరి మీద నింద వేయడానికి తన పేరు వాడుకోనివ్వని ఆ చోట ఆగి, అతడు కాగితం చించకముందు, ఉరిశిక్ష పడిన వృద్ధురాలు రెబెకా నర్స్ అతడితో అన్న మాటలను మళ్లీ చదివి వ్యాసం మొదలుపెట్టండి.