ఇంట్లో బీపీ సరిగ్గా చూసుకోవడం ఎలా? ఆ అంకెలు డాక్టర్‌కి పనికొచ్చేలా రాయడం ఎలా?

విశాఖలో గాజువాక నుంచో మధురవాడ నుంచో బస్సులో నిలబడి వచ్చి, ఎండలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎత్తెక్కి, ఓపీ లైన్లో గంటసేపు నించుని, పేరు పిలవగానే గబగబా లోపలికి వెళ్ళిన మనిషికి 160 చూపించిందంటే వింతేముంది? ఆ అంకె అబద్ధం కాదు. కానీ ఆ మనిషి బీపీ రోజంతా అంతే ఉంటుందని దాన్ని బట్టి చెప్పలేం. కొందరిలో ఇదే తిరగబడుతుంది: డాక్టర్ దగ్గర బుద్ధిగా 130 ఉంటుంది, ఇంట్లో తెల్లారేసరికి 150 దాటుతుంది. వీళ్ళ సంగతి ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు.

మందు పెంచాలా, తగ్గించాలా, అలాగే ఉంచాలా అన్నది తేలాలంటే ఇంట్లో ఓ వారం పద్ధతిగా చూసిన అంకెలు కావాలి. బ్రిటన్‌లో చేసిన ఒక పెద్ద పరిశోధన 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇంట్లో చూసుకున్న అంకెల ఆధారంగా డాక్టర్లు మందులు సర్దిన రోగులకు, ఏడాది తిరిగేసరికి పై అంకె (140/90 అంటే అందులో 140) మిగతావాళ్ళ కంటే సుమారు 3 నుంచి 5 పాయింట్లు తక్కువ ఉంది. ఇక్కడ గమనించాల్సింది ‘డాక్టర్లు మందులు సర్దిన’ అన్న మాట. మిషన్ కొని, చూసుకుని, టెన్షన్ పడి ఊరుకుంటే తగ్గేదేమీ లేదు.

ముందు మిషన్, పట్టీ

మోచేతికి పైన చుట్టే మిషనే కొనండి. మణికట్టుకి పెట్టేవి, వాచీల్లో వచ్చేవి ఈ పనికి నమ్మదగినవి కావు. ఇంట్లో దర్జీ టేపు ఉంటే భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చేతి చుట్టుకొలత తీసుకుని షాపుకి వెళ్ళండి. చేతికి చుట్టే పట్టీ (కఫ్) మీదే ఎంత చుట్టుకొలతకు సరిపోతుందో సెంటీమీటర్లలో రాసి ఉంటుంది. మామూలు పట్టీలు చాలావరకు 22 నుంచి 32 దాకా వస్తాయి.

దీన్ని చాలామంది పట్టించుకోరు, కానీ తేడా చిన్నది కాదు. 2023లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఇదే పరీక్షించి చూశారు. బాగా పెద్ద పట్టీ కావాల్సిన వాళ్ళకి మామూలు పట్టీ చుడితే పై అంకె దాదాపు 20 పాయింట్లు ఎక్కువ చూపించింది. అంటే 125 ఉన్న మనిషి 145తో డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. లావు చేతులున్న వాళ్ళు షాపతను ‘ఇదే అందరికీ సరిపోతుందండీ’ అంటే వినకండి, పెద్ద పట్టీ విడిగా అడగండి.

ఎలా కూర్చోవాలి

కింద బాసింపట్టు వేసుకుని, మంచం అంచున కాళ్ళు వేలాడేసుకుని చూసుకోవడం మన ఇళ్ళల్లో మామూలే. రెండూ వద్దు. వీపు ఆనించుకునే కుర్చీ, పక్కన టేబుల్ ఉండాలి. పాదాలు రెండూ నేలకి ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేతిని టేబుల్ మీద, గుండె ఎత్తులో వదులుగా పెట్టాలి. టేబుల్ కిందికి ఉంటే ఓ దిండు పెట్టుకోండి.

చెయ్యి ఎక్కడ ఉందన్నది అంత ముఖ్యమా అంటే, ముఖ్యమే. 2024లో జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన ప్రకారం చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే పై అంకె సుమారు 4 పాయింట్లు, పక్కన వేలాడేస్తే ఆరున్నర పాయింట్లు ఎక్కువ చూపించింది. ఒక మాత్ర మీద ఇంకో మాత్ర చేర్చాలన్న నిర్ణయం కొన్నిసార్లు ఇంతపాటి తేడా మీదే నడుస్తుంది.

పట్టీని చొక్కా మీద చుట్టకండి. జాకెట్ చెయ్యి పైకి బిగించి లాగినా తప్పే, వదులు నైటీయో పొట్టి చేతుల చొక్కానో వేసుకోండి. పట్టీ కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్ళ ఎత్తులో ఉండాలి. చూసుకోవడానికి అరగంట ముందు నుంచీ కాఫీ, టీ, సిగరెట్, నడక ఏవీ ఉండకూడదు. బాత్రూంకి వెళ్ళొచ్చి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోన్ పక్కన పడేయండి. మిషన్ బిగుస్తుండగా ‘ఎంతుందమ్మా?’ అని వంటింట్లోంచి కేక వేస్తే జవాబు చెప్పకండి, మాట్లాడినా అంకె పెరుగుతుంది.

మొదటి రోజు రెండు చేతులకీ చూడండి. ఎప్పుడూ ఎక్కువ వచ్చే చేతికే ఇక మీదట చూసుకోవాలి. ఎన్నిసార్లు చూసినా రెండింటి మధ్య 10 పాయింట్లకి మించి తేడా వస్తుంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి.

ఏడు రోజుల లెక్క

పొద్దున లేచి మొహం కడుక్కున్నాక, మాత్రకీ టిఫినుకీ ముందు రెండుసార్లు, నిమిషం ఎడంతో చూడాలి. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ రెండుసార్లు. ఇలా ఏడు రోజులు. స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళు ‘పొద్దున’ అంటే నిద్ర లేచిన వేళ అనుకోవాలి. ఆ వారం ఏ షిఫ్టో పక్కనే రాసుకోవాలి.

మొదటి రోజు అంకెలు కొట్టేయండి, అవి భయంతో వచ్చినవి. మిగతా ఆరు రోజులవీ కలిపి సగటు తీయండి. ఉదాహరణకు ఒక రోజు పొద్దున 148/90, 142/88, రాత్రి 136/84, 134/82 వచ్చాయనుకోండి. ఆ రోజు సగటు 140/86. ఇలా ఆరు సగటులూ కలిపి ఆరుతో భాగిస్తే వచ్చేదే మీరు డాక్టర్‌కి చూపించాల్సిన అంకె. ఇంట్లో చూసిన సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే బీపీ ఎక్కువగా ఉన్నట్టే లెక్క. ఆసుపత్రిలో చెప్పే 140/90కి ఇంటి దగ్గర సమానం ఇదే.

మనవాళ్ళు చేసే పనొకటి ఉంది. మూడుసార్లు చూసి, అన్నిట్లోకీ తక్కువది రాస్తారు. ‘150 వచ్చింది గానీ అది తప్పు, మళ్ళీ చూస్తే 138’ అంటారు. రెండూ రాయండి. డాక్టర్ గారికి మార్కులు చూపించడం లేదు కదా.

గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉన్నవాళ్ళకి ఈ మిషన్లు సరిగా పనిచెయ్యకపోవచ్చు. వాళ్ళూ, గర్భిణులూ సొంతంగా లెక్కలు కట్టకుండా ముందే డాక్టర్‌ని అడగాలి.

డాక్టర్ దగ్గర ఏం అడగాలి

‘నా టార్గెట్ ఎంతండీ?’ అని అడగండి. అందరికీ ఒకే అంకె కాదు. 2015లో వచ్చిన స్ప్రింట్ పరిశోధనలో షుగర్ లేని 9,361 మందిని తీసుకున్నారు. పై అంకెను 140 కాకుండా 120 లోపుకి తేవాలని లక్ష్యం పెట్టుకున్న వాళ్ళలో గుండె జబ్బులు, పక్షవాతం లాంటివి పావు వంతు తగ్గాయి. షుగర్ ఉన్నవాళ్ళ సంగతి చాలా ఏళ్ళు తేలలేదు. 2024లో చైనా నుంచి 12,821 మంది షుగర్ రోగులతో చేసిన పరిశోధన వచ్చింది, అక్కడా 120 లోపు లక్ష్యం పెట్టుకున్న వాళ్ళకే మేలు కనిపించింది. అలాగని రేపట్నుంచి మీరే ఇంకో మాత్ర వేసుకోవద్దు. అంత కిందికి తెస్తే కళ్ళు తిరిగి పడిపోవడం, కిడ్నీ పనితీరు దెబ్బతినడం కూడా కొంతమందిలో కనిపించాయి. పెద్ద వయసు వాళ్ళకీ, లేవగానే తూలే వాళ్ళకీ డాక్టర్లు అందుకే ఆచితూచి చూస్తారు.

విశాఖ వేసవి ఉక్కపోతలో ఇది మరీ గుర్తుంచుకోవాలి. చెమటకి నీరంతా పోయి బీపీ పడిపోతుంటుంది. మే నెలలో లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతుంటే, కూర్చుని ఒకసారి, నిలబడిన నిమిషానికి ఒకసారి చూసి రెండూ రాసుకెళ్ళండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో కొనుక్కునే మాత్రల పేర్లు కూడా చెప్పండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి బీపీ పెంచుతాయి, కిడ్నీలకీ మంచివి కావు. ‘అవి బీపీ మందులు కావు కదా’ అని చెప్పకుండా వచ్చేవాళ్ళే ఎక్కువ.

మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రా అన్న గొడవ అక్కర్లేదు. 2022లో బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా జనంతో చేసిన పరిశోధనలో రెంటికీ తేడా లేదని తేలింది. మీకు మర్చిపోకుండా గుర్తుండే వేళే మంచి వేళ.

ఉప్పు దగ్గర

రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే టీ చెంచాడు, అదీ అన్నిటిలోనూ కలిపి. మనకి కూరలో ఉప్పు కంటే పక్కన చేరేవాటితోనే ఎక్కువ చేటు: ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన ఎండు చేప. చోడంబలి (రాగి అంబలి) మంచిదే, కానీ అందులోకి నంజుకునే ఊరమిరపకాయలు నాలుగైతే ఆ మంచి కాస్తా ఎగిరిపోతుంది. ఎండు చేపలు మానలేకపోతే వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, పులుసులో వేరే ఉప్పు వెయ్యకుండా వండండి.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు గురించి ఈ మధ్య బాగా వింటున్నాం. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందితో చేసిన పరిశోధన 2021లో వచ్చింది. ఆ ఉప్పు వాడిన ఊళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే కొనాలి, ఎందుకంటే అవి కూడా ఒంట్లో పొటాషియం పెంచుతాయి.

ఎప్పుడు ఆగకూడదు

180/120 దాటిందంటే కంగారు పడకుండా అయిదు నిమిషాలు కూర్చుని మళ్ళీ చూడండి. అప్పటికీ అంతే ఉంటే అదే రోజు డాక్టర్‌ని కలవాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా అంకె ఎంతుందని చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. లక్షణాలు ఎన్ని గంటలకి మొదలయ్యాయో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి, పక్షవాతం ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అని డాక్టర్లు ముందు అడిగేది అదే.

అంతా అదుపులో ఉంటే రోజూ చూసుకోవక్కర్లేదు. తర్వాత డాక్టర్‌ని కలిసే ముందు వారం మళ్ళీ ఈ ఏడు రోజుల లెక్క చేస్తే చాలు. మందు మార్చినప్పుడైతే ఎన్నాళ్ళకి మళ్ళీ చూడాలో అక్కడే అడిగి రాసుకోండి. ఏడాదికోసారి మీ మిషన్ని కూడా ఆసుపత్రికి పట్టుకెళ్ళి, అక్కడి మిషన్‌తో పక్కపక్కన పెట్టి సరిచూడమనండి.